డప్పు కొట్టే మేక, పాట పాడే గాడిద: తల తెచ్చి అతికించినట్టు ఉంది, ఎక్కడ తప్పు?

రంగులపెట్టె
24×36 అంగుళాల కాన్వాస్, యాక్రిలిక్ రంగులు. జంతువుల బ్యాండు. మేక డప్పు కొడుతుంది, గాడిద మైకు ముందు పాడుతుంది, ఎలుగుబంటి గిటారు, కోతి డ్రమ్స్. వేషాలు డెబ్బైల నాటి డిస్కో పద్ధతిలో: బెల్‌బాటం ప్యాంట్లు, పెద్ద కాలర్ల చొక్కాలు, గాడిదకు నల్ల తోలు జాకెట్. ఎడమ నుంచి నారింజ లైటు, కుడి నుంచి నీలం లైటు. ఫొటో జత చేశాను.
పెన్సిల్ గీత బాగుంది. రంగు పడ్డాక చెడింది. తలలు మనిషి ఒంటి మీద మాస్కు తగిలించినట్టు ఉన్నాయి. మేక చేతిలో పుల్ల నిలవడం లేదు, గిట్టకు అంటించినట్టు ఉంది. బొచ్చు సుద్ద పూసినట్టు తెల్లబారింది. జాకెట్ అయితే కాన్వాస్‌కు చిల్లు పడ్డట్టు ఉత్త నల్లటి మచ్చ. మొత్తం తీసేయాలా, సరిదిద్దవచ్చా?

గోదారి_గీత
సరిదిద్దవచ్చు. తల బాగాలేదని తలనే దిద్దుతూ కూర్చోకండి, తప్పు భుజాల్లో ఉంది. మేకకు, గాడిదకు కాలర్ బోన్ (మెడ కింద భుజం దాకా అడ్డంగా ఉండే ఎముక) ఉండదు. అందుకే వాటి ఛాతీ ముందు నుంచి చూస్తే సన్నగా, పక్క నుంచి చూస్తే లోతుగా ఉంటుంది. మీరు కాలర్ బోన్ ఉన్న మనిషి భుజాలు వెడల్పుగా వేసి, వాటి మధ్య మేక తల పెట్టారు. చూసేవాడికి కారణం తెలియకపోయినా మాస్కు అని తెలిసిపోతుంది.
భుజాల వెడల్పు మేక ముఖం పొడవుకు ఒకటిన్నర రెట్లు దాటనివ్వకండి. మెడ భుజాల మధ్య నుంచి నిట్టనిలువుగా లేవకూడదు, కాస్త ముందుకు వాలి పైకి రావాలి. మెడ మొదట్లో లావు, గొంతు దగ్గర సన్నం. కోతికి కాలర్ బోన్ ఉంది కాబట్టి మనిషి భుజాలు దానికి నప్పుతాయి. మీ నలుగురిలో కోతి ఒక్కటే బాగా కుదిరిందనిపిస్తే కారణం అదే.

రంగులపెట్టె
నిజమే గీతగారూ, కోతి ఒక్కటే కుదిరింది! ఎందుకో ఇప్పుడు తెలిసింది.

ఓరుగల్లు_కుంచె
తలకాయ సంగతి తర్వాత అన్నా, ముందు డప్పు చూడు. ఛాతీకి అడ్డంగ పలక లెక్క నిలబెట్టినవ్. అట్ల ఎవ్వరు పట్టుకోరు. డప్పు ఎడమ భుజానికి పట్టీతోని ఏలాడుతది. ఎడమ చెయ్యి అంచు మీద ఆనుకొని ఉంటది, ఆ వేళ్ల నడుమ సన్నగ పొడుగ్గ ఉండే సిటికెన పుల్ల. కుడిచేతిల పొట్టిగ మందంగ ఉండే సిర్ర. నువ్వు రెండు చేతులకు ఒకే తీరు పుల్లలు ఇచ్చినవ్, డ్రమ్ము పుల్లల లెక్క. డప్పు కొట్టేటోళ్లు చూస్తే రెండు సెకన్లల పట్టేస్తరు. జంతువు ఎట్లున్నా నడుస్తది, వాద్యం తప్పితే నడువది.

నీలిమందు
మేక డప్పు కొడుతోంది సరే, ఆ డప్పు మీద తోలు ఎవరిది?

సిరాచుక్క
అయ్యో, నిజమే కదా. ఇక ఆ బొమ్మ వైపు నవ్వుతూ చూడలేం.

నీలిమందు
ఎగతాళికి అడగలేదు. డప్పుకు మేకతోలు బిగిస్తారని మన ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. బొమ్మ చూసిన ప్రతివాడికీ ఈ ఆలోచన వస్తుంది. రంగులపెట్టె గారు కావాలనే పెట్టి ఉంటే అది చాలా బలమైన బొమ్మ, కానీ అప్పుడు మేక ముఖంలో సంబరం ఉండకూడదు. సంబరమే కావాలంటే వాద్యం మార్చాలి.

రంగులపెట్టె
కావాలని పెట్టలేదు. సంబరమే కావాలి.

అడవిదారి
అలాగైతే మేకను, కోతిని తారుమారు చేయండి. డ్రమ్ సెట్ మీద ఇప్పుడు బిగించేది ప్లాస్టిక్ పొర, మేకకు ఏ బాధా లేదు. సిటికెన పుల్ల పట్టడానికి వేళ్లు కావాలి, అవి కోతికి ఉన్నాయి. మీ రెండో సమస్య కూడా దీంతోనే తీరుతుంది. మేక గిట్ట రెండుగా చీలి ఉంటుంది కదా, డ్రమ్ము పుల్లను ఆ చీలికలో దూర్చండి. అంటించినట్టు కాదు, ఇరికినట్టు కనిపిస్తుంది. పుల్ల దూరిన చోట రెండు గిట్టలూ కాస్త విచ్చుకోవాలి, లోపల సన్నటి ముదురు నీడ పడాలి. వెనక గిట్ట ఎలాగూ పెడల్ మీద ఉంటుంది.

కార్టూన్_కొట్టు
ఇంత కష్టం ఎందుకు? నాలుగు వేళ్లు వేసేసి చివర గోళ్ల బదులు చిన్న గిట్టలు పెడితే సరి. ప్రపంచమంతా అలాగే గీస్తున్నారు.

గోదారి_గీత
గీతల బొమ్మకు సరే. ఒక్కో వెంట్రుకా కనిపించేలా వేసే బొమ్మలో వేళ్లు పెడితే ఒళ్లు జలదరిస్తుంది. నిజంలా వేసేకొద్దీ మార్పులు తగ్గించుకోవాలి. గిట్టను గిట్టలాగే ఉంచి, పట్టు మాత్రం మనిషిది ఇవ్వండి.

కార్టూన్_కొట్టు
సగం ఒప్పుకుంటాను. మేక విషయంలో మీదే రైటు. గాడిదది చీలని గిట్ట, అది మైకు ఎలా పట్టుకుంటుంది?

అడవిదారి
పట్టుకోనక్కర్లేదు. మైకుకు స్టాండు పెట్టండి, ముందరి కాలిని స్టాండు చుట్టూ మెలేయండి. కానీ ఒకటి చూసుకోవాలి. గాడిద ముందరి కాలిలో మనం మోకాలు అనుకునేది దాని మణికట్టు. అసలు మోచెయ్యి పైన ఛాతీ పక్కన ఉంటుంది. జాకెట్ చేతికి మోచేతి ముడతలు ఆ నడిమి కీలు దగ్గర వేస్తే చెయ్యి విరిగినట్టు ఉంటుంది. ముడతలు పైన, కఫ్ మణికట్టు దగ్గర. వెనక కాలిలో వెనక్కి వంగినట్టు కనిపించేది మడమ. బెల్‌బాటం ప్యాంటు మోకాలి నుంచే కిందకు వెడల్పవుతుంది కాబట్టి మీ ప్యాంటు ఎంపిక భలే కుదిరింది, కీలు తికమకంతా బట్టలోకి పోతుంది.

వాద్యప్రియ
సంగీతం చేసే జంతువు కొత్త ఊహ కాదు. క్రీస్తు పూర్వం 2500 ప్రాంతపు ఊర్ నగరపు (ఇప్పటి ఇరాక్‌లో ఉంది) సమాధిలో దొరికిన లైర్ అనే తీగల వాద్యం ముందు భాగంలో ఆల్చిప్ప ఫలకం ఉంది, ఇప్పుడు ఫిలడెల్ఫియాలో పెన్ మ్యూజియంలో ఉంది. అందులో గాడిద పెద్ద లైర్ వాయిస్తుంటే ఎలుగుబంటి దాన్ని పడిపోకుండా ఆనించి పట్టుకుంటుంది. నాలుగున్నర వేల ఏళ్ల కిందటే మీ జట్టులో ఇద్దరు కచేరీ చేశారు! వాద్యం బరువు ఇంకొకరి మీద పెట్టడం ఎంత మంచి ఉపాయమో చూడండి. పట్టు సమస్య పోయింది, రెండు జంతువుల మధ్య స్నేహమూ కనిపించింది. మన తుంబురుడు కూడా గుర్రపు ముఖంతో వీణ పట్టినవాడే.

సిరాచుక్క
గాడిద పాట అంటే ఒంటె లేకుండా ఎలా? ఒంటెల పెళ్లిలో గాడిదలు పాడాయని, ‘ఆహా ఏమి రూపం’ అని ఇవి, ‘ఆహా ఏమి గొంతు’ అని అవి పొగుడుకున్నాయని సంస్కృత చాటువు ఉంది కదా. ముందు వరసలో చప్పట్లు కొడుతూ ఒక ఒంటెను కూర్చోబెట్టండి.

రంగులపెట్టె
ఒంటె ఖాయం. కింది కుడి మూల ఖాళీగానే ఉంది.

మూడోకన్ను
నోళ్ల గురించి ఎవరూ చెప్పలేదు. ఫొటో పెద్దది చేసి చూశాను. మేకకు పై వరసలో ముందు పళ్లు తీర్చిదిద్దారు. మేకకు, ఆవుకు, గేదెకు పైన ముందు పళ్లుండవు, గట్టి చిగురు మాత్రమే. అవి తీసేయండి, నవ్వు కింది దవడ పక్కకు జరగడంలో చూపండి. మేక నమిలేటప్పుడు ఎలాగూ అదే చేస్తుంది.
గాడిదకు పైన, కింద పళ్లున్నాయి, కాబట్టి ధారాళంగా నోరు తెరవొచ్చు. ఓండ్ర పెట్టేటప్పుడు దాని మెడ ముందుకు సాగుతుంది, ముక్కుపుటాలు విచ్చుకుంటాయి, పై పెదవి లేస్తుంది. ఈ మూడూ ఉంటే కళ్లు మూసి వేసినా పాడుతున్నట్టే ఉంటుంది.
కోతి విషయంలో జాగ్రత్త. పళ్లు బిగించి ఇకిలించిన కోతి భయపడుతోందని అర్థం. సంతోషంగా ఆడే కోతి నోరు వదులుగా గుండ్రంగా తెరుస్తుంది, పై పళ్లు పెదవి చాటునే ఉంటాయి.
కన్ను: మేక కంటిపాప అడ్డంగా ఉండే దీర్ఘచతురస్రం. దాన్ని గుండ్రం చేస్తే మేక కాకుండా పోతుంది. మనిషి చూపు రావాలంటే పాప మార్చొద్దు, చూపు తిరిగిన వైపుకు ఎదురు మూలలో సన్నటి తెల్లగుడ్డు చీలిక ఒకటి చూపండి. జంతువుల్లో అది మామూలుగా కనిపించదు, కనిపిస్తే మనకు వెంటనే మనిషి గుర్తొస్తాడు. అది కూడా ఉత్త తెలుపు కాదు, తెలుపులో చిటికెడు బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ), చిటికెడు అల్ట్రామెరైన్ (ముదురు నీలం). కనుబొమలు అతికించొద్దు. ఆ పని చెవులు చేస్తాయి.

కార్టూన్_కొట్టు
చెవుల మాట నూటికి నూరుపాళ్లు. గాడిద చెవులు వెనక్కి అణిగితే కోపం, రెండూ ముందుకు ఉంటే శ్రద్ధ, చెరో పక్కకు వాలితే విశ్రాంతి. రంగులపెట్టె గారి గాడిద ప్రేమపాట పాడుతూ చెవులు వెనక్కి అణిచింది. అందుకే తగవుకు వచ్చినట్టు ఉంది.

బొచ్చుకుంచె
తెల్లబారడం సంగతి నేను చెప్తాను. వెలుగు పడ్డ ప్రతిచోటా టైటానియం తెలుపు కలిపారు కదా? అది చాలా ఒత్తు రంగు, ఎందులో కలిసినా రంగు చల్లబడి సుద్దలా మారుతుంది. బొచ్చును కింది నుంచి పైకి కట్టాలి, ఒక్క పొరలో రాదు.

ముందు ఆరిన రంగును 400 నంబరు ఉప్పుకాగితంతో తడిపి తేలిగ్గా రుద్దండి. మార్చాల్సిన చోట పలచగా ఒక్క పొర జెస్సో (రంగు పట్టడానికి వేసే తెల్లటి అడుగుపూత). ఆరాక బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) రెండు పాళ్లు, అల్ట్రామెరైన్ ఒక పాలు కలిపి నీడల ఆకారమంతా వేయండి. ఈ దశలో ఒక్క వెంట్రుక కూడా వద్దు, ముద్దగానే ఉండాలి. దాని మీద నడిమి రంగు. గాడిదకు రా అంబర్, కొంచెం తెలుపు, చిటికెడు అల్ట్రామెరైన్. మేకకు బర్న్ట్ సియెన్నా, ఎల్లో ఓకర్. అరిగిపోయి పోచలు విడిపోయిన పాత ఫ్లాట్ కుంచె దీనికి బంగారం, కొత్తది పనికిరాదు. రంగు తీసుకున్నాక పాతగుడ్డ మీద ఒకసారి తుడిచి, సగం పొడిగా లాగాలి.

వెంట్రుక ఒక్కొక్కటిగా కాదు, కుచ్చులుగా పెరుగుతుంది. కుచ్చు మొదలు ముదురు, చివర లేత. ముక్కు నుంచి వెనక్కి, నుదుటి మీద పైకి, దవడ మీద కిందకు. దిశ తప్పితే ముఖం ఆకారమే చెడుతుంది. ఆ తర్వాత 1 నంబరు రిగ్గర్ కుంచెతో (పొడవాటి సన్నటి పోచలది) వెలుగు అంచున మాత్రం విడి వెంట్రుకలు, ఒక ముఖానికి ముప్పై నలభై చాలు.

చివరి పొర గ్లేజు, అంటే అడుగు రంగు కనిపించేంత పలచటి పూత: రంగు ఒక పాలు, గ్లేజింగ్ మీడియం ఎనిమిది పాళ్లు. బర్న్ట్ సియెన్నా గ్లేజు మొత్తం మీద పలచగా వేస్తే సుద్దతనం పోయి వెచ్చదనం వస్తుంది. మీడియం బదులు నీళ్లు పోసి పలచన చేయొద్దు. నీరు మరీ ఎక్కువైతే రంగును పట్టి ఉంచే జిగురు చాలక, ఆరాక తడిగుడ్డకు ఊడొస్తుంది.

గాడిదకు మూతి చుట్టూ, కంటి చుట్టూ లేత వలయాలు మరవద్దు. అవి లేకపోతే దూరం నుంచి గుర్రంలా ఉంటుంది.

రంగులపెట్టె
గ్లేజు వేసినప్పుడు బాగుంటుంది, ఆరాక ముదురుతోంది. మీడియం తప్పా?

బొచ్చుకుంచె
తప్పు కాదు. తడిగా ఉన్నప్పుడు యాక్రిలిక్ జిగురు పాలలా తెల్లగా ఉంటుంది, ఆరితే అద్దంలా తేటపడుతుంది. అందుకే రంగు ఒక మెట్టు ముదురుతుంది. పాత కాన్వాస్ ముక్క మీద ముందు వేసి, ఇరవై నిమిషాలు ఆగి చూసుకోండి.

నీలిమందు
జాకెట్: నల్ల ట్యూబు మూత బిగించి పక్కన పెట్టండి. బర్న్ట్ అంబర్, అల్ట్రామెరైన్ సమపాళ్లలో కలిపితే లోతైన నలుపు వస్తుంది. నారింజ లైటు వైపు అంబర్ ఎక్కువ, నీలం లైటు వైపు అల్ట్రామెరైన్ ఎక్కువ. తోలుకు, బట్టకు తేడా వెలుగు అంచులోనే ఉంది. బట్ట మీద వెలుగు మెల్లగా కరుగుతుంది. తోలు మీద సన్నగా, కత్తితో కోసినట్టు తెగుతుంది. పక్కనే వెంటనే ముదురు. ముడతకు ఒక్క గీత చాలు.

సిరాచుక్క
లైట్లు కూడా చెప్పండి నీలిమందు గారూ. బొచ్చు అంచున నారింజ వెలుగు నేరుగా వేస్తే కనపడకుండా పోతోంది.

నీలిమందు
స్టేజీ లైట్లకు వాడే మెరుపు రంగులు చాలావరకు పారదర్శకం, ముదురు మీద వేస్తే ఆ ముదురు వాటిని మింగేస్తుంది. ముందు టైటానియం తెలుపుతో అంచు వెంట్రుకలు లాగండి. పూర్తిగా ఆరాక దాని మీద నారింజ లేదా నీలం గ్లేజు. బల్బు వెలిగినట్టు వస్తుంది. గాడిద చెవి వెనక లైటు ఉంటే చెవి లోపల ఎర్రగా వెలగాలి. కొంచెం క్రిమ్సన్, కొంచెం నారింజ, సన్నటి ముదురు నరాలు రెండు. ఆ ఒక్కటి చూసినవాళ్లు అక్కడే ఆగిపోతారు.

వాద్యప్రియ
ఎలుగుబంటి గిటారు చూశాను. ఫ్రెట్లన్నీ (మెడ మీది అడ్డ కమ్మీలు) సమాన దూరంలో ఉన్నాయి, అది నిచ్చెన అవుతుంది. నట్ (మెడ పై కొసన తీగలు ఆనే చోటు) నుంచి బ్రిడ్జ్ (బుర్ర మీద తీగలు ఆనే చోటు) దాకా పొడవు కొలవండి. 12వ ఫ్రెట్ సరిగ్గా సగంలో, 7వది మూడో వంతు దగ్గర, 5వది పావు దగ్గర. మిగతావి వీటి మధ్య క్రమంగా దగ్గరవుతూ పోతాయి. ఇంకా కచ్చితంగా కావాలంటే మిగిలిన పొడవును 17.817తో భాగిస్తే తర్వాతి ఫ్రెట్ దూరం వస్తుంది. బొమ్మలో నట్ నుంచి బ్రిడ్జ్ దాకా 20 సెంటీమీటర్లు అనుకుంటే మొదటిది 1.12 దగ్గర. గిటారు మన వైపు ఏటవాలుగా ఉంటే ముందు ఎదురుగా ఉన్నట్టు గీసి, తర్వాత వాలుకు మార్చుకోవాలి.
వీణకూ లెక్క ఇదే. 24 మెట్లు, 12వది సగంలో, 24వది ముప్పావు దగ్గర. వీణ వేసేటప్పుడు పక్కనుండే మూడు తాళం తీగలు ఎక్కువమంది మరిచిపోతారు.

అడవిదారి
ఎలుగుబంటి గురించి రెండు ముక్కలు. మన అడవుల్లో ఎలుగుకు ఛాతీ మీద లేత పసుపు తెలుపు కలిసిన వంకీ గుర్తు ఉంటుంది, చొక్కా గుండీలు విప్పి అది చూపండి, గొలుసు వేయనక్కర్లేదు. మూడంగుళాలు దాటిన వంకర గోళ్లున్నాయి, ప్లెక్ట్రమ్ (తీగ మీటే బిళ్ల) చేతికి ఇవ్వొద్దు, గోటితోనే మీటనివ్వండి. పెదవులు పొడవుగా ముందుకు సాగుతాయి. అందుకే ఎలుగు వేణువుకైనా, నాదస్వరానికైనా భలే సరిపోతుంది. ఇంకో బొమ్మకు గుర్తుంచుకోండి.

ఓరుగల్లు_కుంచె
నాదస్వరం ఏస్తే డోలు గూడ ఉండాలె. డోలుకు ఒక దిక్కు పుల్ల, ఇంకో దిక్కు వేళ్లకు తొడుగులు. రెండు దిక్కులా పుల్లలు పెట్టకుండ్రి.

మిషిగన్_మందారం
ఇక్కడ చలికాలం గరాజ్‌లో వేసేవాళ్లకు ఒక హెచ్చరిక. దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ కంటే చలిగా ఉంటే యాక్రిలిక్ ఆరినట్టు కనిపించినా పొర సరిగా కట్టదు, తర్వాత పగులుతుంది. చలిలో కాన్వాస్ చుట్టొద్దు కూడా, పొర పెళుసుగా ఉంటుంది.

ఓరుగల్లు_కుంచె
మాకు ఉల్టా కష్టం. మే నెలల పలక మీది రంగు అయిదు నిమిషాలల్ల గడ్డకడ్తది. మిఠాయి డబ్బల తడి టిష్యూ కాగితాలు నాలుగు మడతలు పరిచి, మీద బటర్ పేపర్ ఏసి, దాని మీద రంగులు పెట్టుకో. మూత పెడితే తెల్లారిదాంక పచ్చిగ ఉంటయి.

కార్టూన్_కొట్టు
అమ్మాలనుకుంటే ఇంకోటి చూసుకోండి. ఆ జాకెట్ భంగిమ ఏదో పాత పోస్టర్ నుంచి యథాతథంగా దించినట్టు ఉంది. మన దేశంలో 2012 చట్ట సవరణ తర్వాత ఫొటోకు హక్కు దాన్ని తీసినవారు పోయాక 60 ఏళ్లు ఉంటుంది. చిత్రకారుడు వేసిన బొమ్మకూ అంతే, ఆయన పోయాక 60 ఏళ్లు. కాలాన్ని తీసుకోండి: కాలర్, బెల్‌బాటం, లైట్ల రంగులు. ఒక్క ఫొటోనే పట్టుకుని దించొద్దు. గిటారు తల మీది కంపెనీ పేరు కూడా చెరిపేయండి.

రంగులపెట్టె
భంగిమ మారుస్తాను, ఎలాగూ స్టాండు చుట్టూ కాలు మెలేయాలి. ఇప్పటికి అనుకున్నది: మేక డ్రమ్స్‌కు, కోతి డప్పుకు. భుజాలు తగ్గించి మెడలు ముందుకు. మేక పై పళ్లు తీసేయడం, గాడిద చెవులు చెరో పక్కకు, ఒంటె కింద కుడి మూలకు. వార్నిష్ ఎప్పుడు?

బొచ్చుకుంచె
చివరి పొర తర్వాత కనీసం రెండు వారాలు ఆగండి. వర్షం రోజుల్లో వద్దు, గాలిలో తేమ ఎక్కువైతే వార్నిష్ పాలిపోయి మబ్బు పడుతుంది. పూర్తి మ్యాట్ (మెరుపు లేనిది) కూడా వద్దు, జాకెట్ నలుపు బూడిదరంగులోకి తేలిపోతుంది. శాటిన్ (సగం మెరుపుది) సరిపోతుంది.

రంగులపెట్టె
ఒక్కటి మిగిలింది. గాడిదకు నల్లకళ్లద్దాలు పెట్టాలని ఉంది. చెవులు నడినెత్తిన ఉన్నాయి, అద్దాల కాడలు దేనికి తగిలించాలి?

మూడోకన్ను
కాడలు తీసేసి, వెనక నుంచి సన్నటి తోలుపట్టీ చెవుల కిందుగా తిప్పండి. పట్టీ కింద బొచ్చు నొక్కుకుపోవాలి, పైనా కిందా కుచ్చులు ఉబ్బాలి. కళ్లు తల పక్కలకు ఉంటాయి కాబట్టి రెండద్దాలూ ఒకే బల్లపరుపు మీద ఉండవు, ముక్కు మీద విరిచినట్టు చెరో వైపు వాలతాయి. ఎడమ అద్దంలో నారింజ లైటు, కుడి అద్దంలో నీలం లైటు చిన్న చుక్కలుగా పెట్టండి.